గూని బోగీ

మా చిన్నాయన పోయినాడని ఆదోని బస్సు దిగినాయనొకడు మా వాకిట్లో నిలబడి చెప్పినాడు. నేను మగ్గం గుంతలో ఉన్నాను. పోగుల నడుమ నాడె ఆడించే చెయ్యి ఆపలేదు. "విన్నావా లేదా అప్పా?" అని ఆయన మళ్లా అడిగినాడు. విన్నాను. వినగానే ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. నిలదీసి అడగాలని ఇన్నాళ్లు దాచుకున్న మాట ఇంక ఎవర్ని అడగాల? పోయినోళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఉన్న మంచి చెప్తాను. మిగిలింది కూడా చెప్తాను, మీరు వినండి.

చిన్నాయన అంటే మా అమ్మ చెల్లెలి మొగుడు. ఆదోని స్టేషన్లో పార్సిలాఫీసులో పని. తెల్లోళ్లు దేశమిడిచి పోయేటప్పుడు ఒక ఇంజినీరు దొర తన సామాన్లన్నీ బండికెక్కించి, మోయలేని అట్టపెట్టెలు కొన్ని ఈయన చేతిలో పెట్టి పోయినాడంట. వాటిలో ఉన్నది రైలు. బొమ్మ రైలే గాని, పిల్లోళ్లు తాడు కట్టి లాగేది కాదు. కొండల్లో తిరిగే చిన్న బండి ఉంటాది చూడండి, న్యారో గేజి బండి, దాని నకలు. ఒక్కో బోగీ మూరన్నర పొడుగు. కోసి పెట్టిన సన్న పలకలు, పట్టాలు, ఇత్తడి చక్రాలు, గోరంత తలుపు పిడులు, కీ ఇస్తే నడిచే ఇంజను. ఇంజను తయారుగా ఉంది. బోగీలు మాత్రం ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, మనమే అతికించుకోవాల.

తన ఒంటి గది కొంపలో జాగా లేక, అవన్నీ బస్సు మీద వేసుకొని ఎమ్మిగనూరులో మా ఇంటికి తెచ్చినాడు. మా అమ్మకు కాళ్లు పడిపోయి అప్పటికే చానా ఏండ్లు. గోడకానుకొని రాట్నం ముందర కూసోని నాకు నూలు కండెలు చుట్టేది. మా ఊరికి రైలు లేదు, ఆమె ఊరు దాటింది లేదు, కాబట్టి రైలు కూత కూడా ఎన్నడూ వినలేదు. చిన్నాయన పెట్టెలు ఆమె ముందర దించినాడు.

"వదినా, నువ్వు రైలు కాడికి రాలేవు గదా. రైలునే ఎమ్మిగనూరికి తెస్తాండాను. మొదటి కూత నీ ముందరే."

"కూత కూడా కూస్తాదా మరిదీ?"

"అది నేను కూస్తాలే."

మా అమ్మ అట్లా నవ్వింది నేను అంతకుముందు చూడలేదు.

సెలవు దొరికినప్పుడల్లా వచ్చేటోడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, నాలుక కొన పండ్ల నడుమ పెట్టుకొని పనికి కూసుంటే అన్నానికి పిలిచినా లేచేటోడు కాదు. కాగితంలోని ఇంగ్లీషు చదివి నాకు విడమరిచి చెప్పేటోడు. పలకకు పలక బంకతో అతికించి, పైన దారం చుట్టి పక్కన పెట్టాల. నాకు ముందే తొందర. ఆరిందో లేదో అని వేలు పెట్టేటోణ్ణి. "ఆరనీప్పా. తడి మీద చెయ్యి పెడితే ఆ ఏలిముద్ర జన్మంతా కనపడతాది" అనేటోడు. ఈ "ఆరనీప్పా" ఆయనకు అన్నిటికీ మందు. నా పెండ్లాం అలిగి కోసిగిలో పుట్టింటికి పోయినప్పుడూ అదే మాట, సొసైటీలో నూలు సరిగ్గా ఇయ్యలేదని నేను కొట్లాటకు లేచినప్పుడూ అదే మాట. దాంతో నాకు మేలే జరిగింది, కాదనను. ఓపికనేది నాకు నేర్పినోడు ఆయనే.

నిజం బోగీలకు కప్పు మీద గుడ్డ పరిచి రంగేస్తారంట. ఆ గుడ్డ నేను నేసినాను. సీట్లకు సన్న చారల గుడ్డ, కిటికీలకు వేలెడు పరదాలు, అన్నీ మా అమ్మ చుట్టిన కండెలతోనే. నేసేటోని బుద్ధి యాడికి పోతాది? మొదటి బోగీ కప్పు గుడ్డకు, మగ్గం మీది పడుగు నూలుకు పెట్టినట్టు చిక్కగా గంజి పట్టించినాను. చిన్నాయన కూడా "బిర్రుగా నిలబడతాది, బాగుంది" అన్నాడు. గంజి తడి సన్న పలకలోకి ఇంకి, పలక ఉబ్బి నడిమిట్లో పైకి లేచింది. ఆరినాక గంజి దాన్ని అట్లే పట్టుకుంది. బోగీకి గూని. ఇద్దరం తలలు పట్టుకొని కూసున్నాం. మా అమ్మ దాన్ని తెమ్మని ఒళ్లో పెట్టుకొని తడిమింది. "దీన్ని సరిచేయొద్దు. నేను ఎక్కేది దీంట్లోనే. నా నడుం మాదిరే ఉంది" అంది. మిగతా మూడిటికీ గంజి లేని గుడ్డ వేసినాం, అవి చక్కగా వచ్చినాయి.

నేను మగ్గం గుంత పక్క నుంచి వాకిలి దాకా మట్టి నేలలో పట్టాలు పరిచినాను. ఇంక రంగొకటే తక్కువ. "మా స్టేషను పెయింటరు చేత వేయిస్తాను. ఆరినాక తెస్తాను" అని చిన్నాయన బోగీలూ ఇంజనూ నేను నేసిన కొత్త దుప్పట్లో చుట్టుకొని పోయినాడు.

రాలేదు. ఎండాకాలం పోయింది, వానలు పోయినాయి. మా అమ్మ బస్సు చప్పుడైతే చాలు రాట్నం ఆపేది. ఉండబట్టలేక ఆదోని పోయినాను. చిన్నమ్మ నా మొగం చూడకుండా "పత్తి జిన్నింగు మిల్లు సావుకారింట్లో ఉన్నాడు, పో" అంది. చిన్నమ్మ వాళ్ల కొడుక్కు ఆ మిల్లులో గుమాస్తా పని దొరికిందంట. సంతోషమే.

సావుకారి హాల్లో నున్నటి బండల మీద కొత్త పట్టాలు వేయించి, వాటి మీద మన బండి తిరగతా ఉంది. చుట్టూ చుట్టాలు. కిటికీల్లో మా అమ్మ నూలు పరదాలు ఊగతాండాయి. చిన్నాయన మోకాళ్ల మీద కూసోని, నోటి కాడ చేతులు పెట్టుకొని కూత కూస్తాండాడు. "ఇదంతా ఎవరు చేసినారయ్యా?" అని సావుకారి అడిగినాడు. "నేనొక్కణ్ణే సామీ." అప్పుడు తలెత్తి గడప కాడ నన్ను చూసినాడు. పార్సిలాఫీసు కిటికీలో నుంచి జనాన్ని అడిగే గొంతుతోనే అడిగినాడు: "ఏం కావాలప్పా?"

ఎనక్కి తిరిగి బస్సెక్కినాను. కొడుకు కోసం బండి ఇచ్చేసినాడు, పోనీ. అడిగుంటే నేనే మోసి ఇచ్చేటోణ్ణి. ఆ కూత, ఆ "ఏం కావాలప్పా", అవి నాకు ఈ పొద్దుకూ మింగుడు పడలేదు. ఇంట్లో మా అమ్మ అడిగితే "ఇంకా ఆరలేదంటమ్మా" అన్నాను. తర్వాత ఇన్నేండ్లలో ఎప్పుడు అడిగినా అదే చెప్పినాను. ఆయన మాటే నా నోట్లో అబద్ధమైంది.

సావుకు పోయినాను. సావుకారి పూలదండ తెచ్చినాడు, "పనోడంటే ఈయన, ఒంటిచేత్తో రైలు చేసినాడు" అని నలుగురికీ చెప్పినాడు. నేను పాడె తాళ్లు బిగిస్తా ఉన్నాను, తలెత్తలేదు. అన్నీ అయిపోయినాక చిన్నమ్మ మంచం కింద నుంచి నా దుప్పటి మూట తీసింది. గూని బోగీ.

"వంకరగా ఉందని సావుకారి దీన్ని వద్దన్నాడు నాయనా. మీకు తెచ్చిద్దామని ఎన్నిసార్లు బయలుదేరినాడో. బస్సు కాడి దాకా పోయి తిరిగొచ్చేటోడు."

బస్సు కాడి దాకా వచ్చినోనికి బస్సెక్కను ఎంతసేపు? మూట తీసుకొని వచ్చినాను.

మా అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకొని గూని మీద బొటనేలు ఆడించింది. "ఆరిందేమిరా?" అంది. "ఆరిందమ్మా" అన్నాను.

"నువ్వు మొదటిసారి ఆరలేదన్నప్పుడే తెలిసిందిలే. మన ఎండలో ఎండాకాలమంతా ఆరనిది ఏముంటాది?"

అంతే. చిన్నాయనను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఆయన్ను మనసులో అంటాను, ఇంకా అంటానే ఉన్నాను.

బోగీ ఇప్పుడు మగ్గం పక్కన పట్టాల మీదే ఉంది. ఇంజను లేదు. నేను నేస్తా ఉంటే మగ్గం పలక దెబ్బకు నేల అదురుతాది, ఆ అదురుకు ఇత్తడి చక్రాలు రవ్వంత రవ్వంత కదలతాయి. పొద్దు గూకేసరికి బోగీ వాకిలి కాడికి, ఆదోని దిక్కుకు పోయి ఉంటాది. మా అమ్మ చేతికర్ర చాచి, దాన్ని మళ్లా తన దగ్గరికి లాక్కుంటాది.