ఎడమవైపు దూది

బట్టలు కుట్టే ఆవిడ బరువు తగ్గడానికి పొట్టకు ఆపరేషన్ చేయించుకుని పద్నాలుగు నెలలైంది. మనిషి సగానికి సగం తగ్గింది. తన గౌన్లన్నీ లోపలికి కుట్టుకుంది, మళ్ళీ కుట్టుకుంది. చివరికి విసుగొచ్చి, చనిపోయిన అక్క నీలం గౌను తీసి తొడుక్కుంది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

అక్క ఆమెను పీపా అనేది. ఆమె అక్కను పుల్ల అనేది. రొమ్ము క్యాన్సర్ వచ్చింది మాత్రం పుల్లకి. అంతకుముందు అమ్మకీ అదే. మీ రక్తంలోనే ఉందేమో, జన్యు పరీక్ష, రొమ్ము ఎక్స్‌రే రెండూ చేయించుకోమని డాక్టరమ్మ చెప్పింది. మూడుసార్లు తేదీ తీసుకుని మూడుసార్లూ ఎగ్గొట్టింది.

ఇవాళ నాలుగోది. కూతురు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"బరువు తగ్గితే ముప్పు తగ్గుతుందన్నారుగా. ఇంకెందుకే?"

"తగ్గొచ్చన్నారు, పోతుందనలేదు. పొట్ట కోస్తే పుట్టుక మారుతుందా అమ్మా? పెద్దమ్మేమన్నా లావా?"

ఆమె భయం తన గురించి కాదు. రక్తంలో ఉందని తేలితే, ఈ పిల్లకీ తానే ఇచ్చి ఉండొచ్చు.

గౌను సర్దుకోబోతే ఎడమవైపు మెత్తగా తగిలింది. అక్కకు ఆ రొమ్ము తీసేశాక, లోపల చిన్న సంచి కుట్టి దూది పెట్టింది తనే. అదీ మొదట కుడివైపు కుట్టేసింది. ఎదురుగా నిలబెట్టి కొలిచిందేమో, కుడి ఎడమలు తారుమారయ్యాయి. అక్క అద్దంలో చూసుకుని పడీపడీ నవ్వింది. "ఒసే పీపా, ఉన్నదానికి తోడు తెచ్చి, లేనిదాన్ని గాలికొదిలేశావే!"

విప్పిన కుట్టు చిల్లులు కుడివైపు ఇంకా ఉన్నాయి. వేలితో తడిమింది. నవ్వొచ్చింది.

"ఆ దూది తీసేయనా అమ్మా?" కూతురు కత్తెర అందుకుంది.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా. పద, టైమవుతోంది."

ఆసుపత్రిలో ముందు రక్తం తీసుకున్నారు. ఎక్స్‌రే గది దగ్గర నర్సు కాగితం పట్టుకుని అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అమ్మా?"

"అమ్మకి. మా పుల్లకి." నాలుక్కరుచుకుంది. "అదే, అక్కకి."

"సరే, లోపలికొచ్చి గౌను తీసేయండి."

ఆమె గౌను మెడలోంచి చెయ్యి పెట్టి, సంచిలోని దూది ఉండ తీసి కూతురి గుప్పిట్లో పెట్టింది.

"పెద్దమ్మది. నేనొచ్చేదాకా పట్టుకో. నీ వంతొచ్చినప్పుడు నేను పట్టుకుంటా."

కూతురు గుప్పిట మూసింది. ఆమె లోపలికి వెళ్ళింది.