సమాచారదాత-4 సంతకం

సిద్దిపేటలో గొల్లభామ చీరలు నేసే భిక్షపతికి అరవై రెండేళ్లు. భివండి మరమగ్గాల రొదలో తొమ్మిదేళ్లు గడిపి, విసిగి తిరిగొచ్చి, మళ్లీ గుంటమగ్గంలో కాళ్లు పెట్టినవాడు. అతని నేతపై ప్రియాంక మూడేళ్లు పరిశోధన చేసింది. ఆమె సిద్ధాంతగ్రంథంలో అతని పేరు ‘సమాచారదాత-4’. దానికి అతడు నొచ్చుకోలేదు. నొచ్చుకున్నది నూట పన్నెండో పుటలోని ఫొటోకు.

భిక్షపతి బొమ్మను బోర్లా నేస్తాడు. మగ్గం మీద పైకి కనిపించేది వెనుక వైపు. ప్రియాంక వెంట వచ్చిన ఫొటోగ్రాఫరు దాన్నే ఫొటో తీసుకుపోయాడు. గొల్లభామ కుండ చేయి మారింది; దారపు కొసలు ముఖం మీద మీసాల్లా వేలాడాయి.

“సమర్పించినంక నేను మార్చరాదు కాకా. పరీక్ష బోర్డే చెప్పాలె,” అని ప్రియాంక తల పట్టుకుంది.

మారకపోతే అతని నలభై ఏళ్ల పని గ్రంథాలయంలో శాశ్వతంగా తిరగబడి ఉంటుంది. అందుకే ప్రియాంక మౌఖిక పరీక్ష నాడు భుజాన చీర వేసుకుని విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. గేటు దగ్గర కావలి బాలరాజు ఆపాడు.

“స్టూడెంటా, స్టాఫా, గెస్టా? రిజిస్టర్ల గీ మూడే గళ్లున్నయి కాకా.”

“పుస్తకంల ఉన్నోణ్ని.”

“గా గడి లేదే.”

“గీసుకో. స్కేలు లేదా?”

బాలరాజు గీసుకున్నాడు. నిజానికి ఆ పరీక్ష బహిరంగమని నోటీసులోనే ఉంది. బహిరంగమని ప్రకటించి జనాన్ని గేటు బయట నిలబెట్టడం మన ఉన్నత విద్య సాధించిన ప్రత్యేక నైపుణ్యం.

ప్రశ్నల వంతు రాగానే భిక్షపతి లేచాడు. బోర్డు అధ్యక్షుడు ఆచార్య రాజేంద్రప్రసాద్ కళ్లజోడు సవరించుకున్నారు.

“మీది ఏ శాఖ?”

“మగ్గం గుంటల ఉంట సార్, నడుము దాకా.”

“బయటివారు వినవచ్చు, మాట్లాడరాదు.”

“నేను చెప్పిందే మూడొందల పేజీలు రాసిన్రు గద. ఇంకొక్క ముక్క చెప్తె బరువైతదా?”

చీరను బల్ల మీద పరిచి ముందు, వెనుక చూపించాడు. “గీమెకు మీసాలు నేను పెట్టలే సార్. మీ పుస్తకమే మొలిపించింది.”

బోర్డు సవరణకు ఆదేశించింది. అది సరిగ్గా ఉందని అర్హుడైన నిపుణుడు ధ్రువీకరించాలని షరతు పెట్టింది. అర్హుడెవరన్న చర్చ ఇరవై నిమిషాలు సాగింది. డిగ్రీలున్నవారిలో ఒక్కరికీ చీర ముందు వెనుకలు తెలియవు. చివరికి కాగితం, కలం భిక్షపతి ముందుకు జరిగాయి.

అతడు సంతకం చేయలేదు.

“దిద్దకముందే సంతకమేంది సార్? కొత్త ఫొటో పట్టుకొని మా ఇంటికి రాండ్రి. చెప్పులు బయట ఇడువాలె. మగ్గం నడుస్తుంటె మాట్లాడద్దు.”

రాజేంద్రప్రసాద్ ఆ షరతులను వరుసగా రాసుకున్నారు. తలెత్తి, “ఎన్ని గంటలకు రమ్మంటారు?” అని అడిగారు.