ఎడమకు ఒకటి, కుడికి రెండు

ముప్పై ఏళ్లుగా ఆ అడవి ఏటిలో పడవ నడుపుతూ, ఒడ్డు చెట్లమీది కోతులను జనానికి చూపిస్తున్న సరంగుకు రెండేళ్లుగా చూపు మసకబారింది. ఆ సంగతి రేవులో ఎవరికీ తెలియదు. తెలిస్తే చుక్కాని పట్టనివ్వరు. పడవ తప్ప ఆయనకు వేరే లోకం లేదు. అందుకని ఇల్లాలే ముందు కూర్చుని, తెడ్డుతో పడవ అంచుమీద కొట్టేది. ఎడమకు ఒక దెబ్బ, కుడికి రెండు. ఎవరైనా అడిగితే "కోతుల్ని పిలుస్తున్నా" అని నవ్వేసేది. ఆ అబద్ధానికి రోజూ పడుకోబోయే ముందు దేవుడి దగ్గర లెంపలేసుకునేది.

ఆ సాయంత్రం ఆరుగురు ఎక్కారు. వాన వెలిసి ఏటిమీద మంచు పరుచుకుంది. పెద్ద వంపు దగ్గర సరంగు ఇంజను ఆపి, పడవను వాలుకు వదిలాడు. రోజూ గోలగోలగా ఉండే కోతులు కొమ్మకొమ్మకూ కూర్చుని ఉన్నాయి, కిక్కురుమనకుండా. పిల్లకోతులు సైతం తల్లి పొట్టను కరచుకునే తలలు తిప్పి చూస్తున్నాయి. అన్నిటి చూపూ ఇల్లాలి చేతిమీదే. ఆమె ఎత్తిన తెడ్డును అలాగే పట్టుకుంది.

టక్. ఒక దెబ్బ.

సరంగు ఎడమకు తిప్పాడు.

ఆమె కొట్టలేదు. తలెత్తి చూసింది. పై కొమ్మమీద ఒక ముసలి కోతి ఎండుకాయ పట్టుకుని, ఆమెనే చూస్తూ, మానుకేసి మళ్లీ కొట్టింది. టక్. పడవ ఇంకా ఎడమకు వాలింది. అటు నీళ్లలో కూలిన మాను మొనలు నల్లగా తేలుతున్నాయి. ఆమె గబగబా రెండు దెబ్బలు కొట్టింది. అవతలి ఒడ్డునుంచి ఇంకో కోతి ఒక దెబ్బ కొట్టింది. ఏది ఎవరిదో తెలియక సరంగుకు చెయ్యి ఆడలేదు.

"కుడికయ్యా, కుడికి!" అని ఆమె అరిచింది. "నేను కొట్టింది కాదది! నీకు కనబడదు కదా, నా మాట విను!"

పడవ మానును రాసుకుంటూ బయటపడింది.

"కనబడదా?" ఎక్కినవాళ్లలో ఒక బట్టతలాయన వెనకనుంచి లేచాడు. "మా ప్రాణాలతో దాగుడుమూతలా?"

"తిట్టేదేదో ఒడ్డుకెళ్లాక తిడుదువుగాని, కూర్చో బాబూ," అంది ముసలి టీచరమ్మ ఒకావిడ. పక్కకు జరిగి సరంగుకు చోటిచ్చింది. "రా నాయనా, ఇలా కూర్చో."

సరంగు చుక్కాని ఇల్లాలికి అప్పజెప్పాడు. "రేవులో నేనే చెప్తాలే, ఇంక చూపు లేదని."

"నాకు చేతనవుతుందా?"

"రెండేళ్లుగా నడిపింది ఎవరే, పిచ్చిదానా?"

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయన జనం మధ్య కూర్చున్నాడు.

"కోతులేం చేస్తున్నాయమ్మా?"

టీచరమ్మ చెట్లవైపు చూసింది. ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"వస్తున్నాయి నాయనా. ఒడ్డు వెంబడే, మనతోపాటు. ఒక్క ఆకు కూడా కదలడం లేదు."