పసుపు పెట్టిన శుభలేఖ

మొన్న మా అమ్మాయి అన్నవరంలో వ్రతానికని ఫోనులో గది కోసం వెతుకుతూ, లేదు లేదని విసుక్కుంటున్నదల్లా ఒక్కసారిగా ఎగిరి గంతేసింది. ఎవరిదో రద్దయిందట, అది మాకు వచ్చిందట. ఇంట్లో అందరూ సంతోషించారు గానీ, నాకు మాత్రం రాజమండ్రిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్త రోజులూ, అప్పటి ఒక పెళ్లీ గుర్తుకొచ్చాయి.

అప్పట్లో మా చిన్న ఆఫీసు పెళ్లి ఏర్పాట్ల కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. కల్యాణమండపం, వంటవాళ్లు, సన్నాయి మేళం, ఎవరి కంప్యూటరు వారిదే అయినా, పెళ్లివారు ఒక్క మీట నొక్కితే ముగ్గురికీ కబురు వెళ్లేది. ముగ్గురూ సరేనంటేనే ఏర్పాటు జరిగినట్టు, ఒక్కరు కాదన్నా మిగతా రెండూ వాటంతటవే రద్దు. ట్రాన్సాక్షన్ అంటే జరిగితే అన్నీ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదని కంప్యూటరు పాఠాల్లో చదువుకున్నవాళ్లం కాబట్టి మా పనితనానికి మేమే మురిసిపోయాం. అయితే మండపం నుంచి జవాబు వెంటనే వచ్చేది, మేళం వాళ్లు మాత్రం ఊళ్లన్నీ తిరిగొచ్చి తీరిగ్గా చూసుకునేవారు.

రామచంద్రపురం రైతు ఒకాయన కూతురి పెళ్లికి అలాగే అడిగారు. మండపం ఖాయమని తెరమీద కనపడగానే, మేళం జవాబు కోసం ఆగకుండా శుభలేఖలు అచ్చు వేయించి, నాలుగు మూలలా పసుపు పెట్టి, మొదటిది దేవుడి దగ్గర పెట్టేశారు. ఆ తరువాత మేళం వాళ్లు కుదరదన్నారు. మా సాఫ్ట్‌వేర్ బుద్ధిగా మండపాన్ని వదిలేసింది, అదే ముహూర్తానికి చోటు కోసం కాచుకుని ఉన్న రావులపాలెం అరటికాయల వ్యాపారి కుటుంబం కొడుకు పెళ్లికని దాన్ని అందుకుంది. రైతు శుభలేఖ పట్టుకుని మా ఆఫీసుకొచ్చి, కోప్పడనైనా కోప్పడలేక, "దేవుడికి చెప్పేశామండి. ఇప్పుడు చోటు మారిందని ఆయనకెలా చెప్పమంటారండి?" అన్నారు. ఆ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. రద్దయినదాన్ని వెనక్కి తెచ్చే మీట మా దగ్గర లేదు.

మా పై అధికారిని అందరం అక్కయ్యగారు అని పిలిచేవాళ్లం. ఆవిడ ఆ శుభలేఖ తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని రావులపాలెం బస్సెక్కారు. పెళ్లికొడుకు తల్లి మమ్మల్ని అరుగుమీద కూర్చోబెట్టి, అంతా విని, శుభలేఖను కళ్లకద్దుకున్నారు. "మేమింకా కార్డులు వేయించలేదండి. పసుపు పెట్టినదాన్ని వెనక్కి తీసుకోమంటే ఆ పిల్ల మనసు ఏమైపోద్దండి? మేం ఇంటిముందే పందిరేసుకుంటాం లెండి" అన్నారు. కాఫీ తాగితే గానీ మమ్మల్ని కదలనివ్వలేదు.

ఆ తరువాత రైతుకు వేరే మేళం కుదిర్చి, సాఫ్ట్‌వేర్ మార్చాం. మూడు జవాబులూ వచ్చేదాకా తెరమీద ఖాయమన్న మాట రాకుండా, ఇంకా అడుగుతున్నామనే కనపడేలా చేశాం. రైతు మాత్రం తన బంధువులందరికన్నా ముందు ఆ రావులపాలెం ఆవిడ ఇంటికే పిలుపుకు వెళ్లారు.

ఇప్పుడీ సర్దుబాట్లన్నీ రెప్పపాటులో, మా కాలం కన్నా ఎంతో నేర్పుగా జరిగిపోతున్నాయి, కాదనను. కానీ ఆ గది మా చేతికి వచ్చినప్పటినుంచీ ఎవరి వ్రతం ఆగిపోయిందోనని నాకొకటే బెంగ. వెళ్లి కనుక్కుందామన్నా వాళ్లది ఏ ఊరో, ఏ గుమ్మమో ఫోను చెప్పదు.