మామయ్య కుడికాలు

మా మామయ్య చేత ఒకసారి బట్టలు కుట్టించుకున్నవాళ్లు మరో టైలర్ గడప తొక్కరు. కోడలిని కాబట్టి పొగుడుతున్నాననుకోకండి. ఆయన కోపం గురించి అడిగితే అదీ ఇంతే ధారాళంగా చెబుతాను. కాలర్ మలుపు దగ్గర మోటారు మిషన్‌ని ఒక్కో కుట్టుగా నడిపించగల కుడికాలు ఆయనది.

ఆ కాలే మెట్ల మీద జారి విరిగింది. పిండికట్టు విప్పాక నడక వచ్చింది గానీ, పాదంలో ఆ నాజూకు రాలేదు. తొక్కితే మిషన్ కదలనైనా కదలదు, లేదంటే పరుగు లంకించుకుంటుంది. మొదటిరోజే ఎవరిదో కోటు కాలర్ మీద కుట్టు అడ్డదిడ్డంగా పోయి గుడ్డ పాడైంది. మామయ్య మిషన్ మీద దుప్పటి కప్పేశారు.

"వచ్చే ఆదివారం ఒకతను వస్తాడు. మిషన్ ఇచ్చేస్తున్నా" అన్నారు. అత్తయ్య ఎంత చెప్పినా ససేమిరా. ఆ పూట ఆవిడ భోజనం ముట్టలేదు.

నాకు కారు పందేల వీడియో గేములంటే పిచ్చి. కాపురానికి వచ్చేటప్పుడు చీరల పెట్టె మరిచిపోయాను గానీ, ఆ ఆట స్టీరింగూ పెడల్సూ మరిచిపోలేదని మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు. వాటిని తీశాను. స్టీరింగ్‌ని బట్టలు కత్తిరించే బల్లకు బిగించి, పెడల్స్ జారకుండా గోడకు ఆనించాను.

"మామయ్యా, ఒక్కసారి కూర్చోండి. ఇక్కడ ఎవరి గుడ్డా పాడవదు."

"చిన్నపిల్లల ఆట నాకెందుకమ్మా" అంటూనే కూర్చున్నారు.

మొదటి మలుపులోనే కారు గోడకు గుద్దుకుంది. రెండోసారీ, మూడోసారీ అంతే. కారణం అర్థమయ్యేసరికి నాకు నవ్వాగలేదు. ఆయన మిషన్‌కి బ్రేకు పెడల్ లేదు, కాలు తీస్తే ఆగిపోతుంది. మలుపు రాగానే ఈయన కాలు పైకెత్తి, కారు ఆగుతుందని నిబ్బరంగా చూస్తున్నారు.

"కాలు తీశాను కదమ్మా, ఇంకా పోతుందేంటిది?"

"పక్క పెడల్ తొక్కాలి మామయ్యా."

"ఆగడానికి కూడా తొక్కాలా? ఎవడు కనిపెట్టాడు దీన్ని?"

పెడల్ ఎంత తొక్కితే అంత పైకి లేచే ఆకుపచ్చ గీత ఒకటి తెర మూలన ఉంటుంది. పాదానికి తెలియనిది కళ్లకు కనిపించసాగింది. ఆయన పందెం సంగతి వదిలేసి ఆ గీతతో కుస్తీ పట్టారు. సగం దగ్గర ఆపాలి, పావు దగ్గర ఆపాలి. మీరు అందరికంటే వెనకున్నారని నేనంటే, "వాళ్లకేం తొందరో, పోనీ" అనేవారు. రోజూ పొద్దున్నే రెండు గంటలు ఇదే పని. శుక్రవారానికి గీత చూడకుండానే సగం దగ్గర ఆపగలిగారు. అది ఇద్దరం గమనించాం. దుప్పటి జోలికి మాత్రం ఆయన పోలేదు.

ఆదివారం కొనేవాడు వచ్చాడు. "ఒకసారి నడిపి చూపించండి" అన్నాడు.

అత్తయ్య వంటగది గుమ్మంలోనే నిలబడిపోయింది. మామయ్య దుప్పటి తీసి, గుడ్డముక్క మీద సుద్దతో కాలర్ గీసి, సూది కింద పెట్టారు. మిషన్ మెల్లగా కదిలింది. మలుపు వచ్చింది. ఒక కుట్టు పడి ఆగింది. ఇంకో కుట్టు, మళ్లీ ఆగింది. చివరిదాకా దారం సుద్దగీత దాటలేదు.

కొనేవాడు వంగి చూశాడు. "మిషన్ బ్రహ్మాండంగా ఉందండీ."

మామయ్య ఆ కుట్టు మీద వేలు ఆనించి ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమారు.

"మిషన్ ఎప్పుడూ బాగానే ఉంది బాబూ. ఏమనుకోకు, ఇది నేనివ్వను."

అతను నొచ్చుకున్నాడు, పాపం. అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ అతనికి కాఫీ కలిపింది. అందులో చక్కెర రెండుసార్లు వేసింది.