డాక్టరుకు చెప్పిన సాక్ష్యం

కలకత్తా ఓడరేవు పక్కన మా వాట్‌గంజ్ తెలుగు క్రైస్తవ సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యాలు ఉండేవి. లేచి నిలబడి తన పాత జీవితం ఎలాంటిదో, దేవుడు దాన్ని ఎలా మార్చాడో చెప్పాలి. తాను చేస్తున్న మంచిని మాత్రం చెప్పుకోకూడదు, అది అతిశయం. ఆ మందిరం బల్లల మీద పెరిగినదాన్ని కాబట్టి ఆ పద్ధతి ఇప్పటికీ నాకు ప్రియమే. మా అమ్మానాన్నలకైతే అది ఒంట్లో ఇంకిపోయింది.

ఒకసారి ఆ మందిరంలోనే ఒక బెంగాలీ డాక్టరు మా వాళ్ళందరినీ ఉచితంగా చూశాడు. అమ్మకూ నాన్నకూ ఇద్దరికీ షుగరు ఉందన్నాడు. రోజూ ఒంటికి ఎంత పని ఉంటుందని అడిగాడు.

నాన్న ఓడల డాక్‌లో బస్తాలు మోసిన రోజుల నుంచి మొదలుపెట్టాడు. యూనియన్ ఊరేగింపుల్లో మైదాన్ దాకా నడిచిన నడకలు కూడా కలిపాడు. అబద్ధం ఒక్కటీ లేదు. కూలీల మీద సర్దారు అయినప్పటి నుంచి నీడలో స్టూలు మీద కూర్చుని మనుషుల్ని పురమాయించడమే తన పని అన్నది ఆయనకు తోచనే లేదు. అమ్మ వంతు వచ్చేసరికి, ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటానంది.

డాక్టరు విన్నదాన్ని బట్టే చెప్పాడు. నాన్నను బాగా తిని విశ్రాంతి తీసుకోమన్నాడు. అమ్మను అన్నం సగానికి తగ్గించి, మాత్రలు వేసుకుని, రోజూ నడవమన్నాడు.

అమ్మ ఆ మాటను దేవుడి మాటలాగే పాటించింది. మేముండేది మూడో అంతస్తు. నీళ్ళు వీధి కొళాయి నుంచి రావాలి, బొగ్గులు కింది నుంచి రావాలి. అవన్నీ అయ్యాక నడక. చీర కుచ్చిళ్ళు ఎక్కువవుతున్నాయని నవ్వుతూ చెప్పేది.

ఒక ఉదయం బకెట్‌తో మెట్ల మీదే కూలబడింది. నీళ్ళు కింది వాటా గుమ్మం దాకా పారాయి. నేను పరుగెత్తేసరికి చెమటతో తడిసి, పిలిస్తే పలకలేకపోతోంది. పంచదార నీళ్ళు తాగించాక కళ్ళు తెరిచింది.

కబురు పెడితే అదే డాక్టరు వచ్చాడు. బకెట్ చూశాడు, మెట్లు చూశాడు. తిండి తక్కువై, పని ఎక్కువై షుగరు పడిపోయిందన్నాడు. ఈ సంగతి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాడు. అమ్మ జవాబు నాకు చెప్పింది:

“అదీ ఒక పనేనేటే? దేవుడి మందిరంలో కూకుని, నానింత సేస్తన్నాను, అంత సేస్తన్నాను అని సెప్పుకుంటారేటి?”

నేను బెంగాలీలో చెప్పాను. ఆయన నవ్వలేదు. అన్నం మునుపటిలా తినమని, నడక మానేయమని, మళ్ళీ తాను చూసేదాకా బకెట్ ముట్టుకోవద్దని చెప్పాడు. తర్వాత నాన్న వైపు తిరిగి, నిన్న డాక్‌లో ఏం చేశారని అడిగాడు. నాన్న, వెళ్ళాను, కూర్చున్నాను, అరిచాను, వచ్చాను అన్నాడు.

ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ముందు మమ్మల్ని మేము పరీక్షించుకోవడం మాకు చిన్ననాటి నుంచీ నేర్పారు. పాపాలు ఎక్కడ దాక్కున్నా వెతికి పట్టుకునేవాళ్ళం. మోకాళ్ళు ఏం మోస్తున్నాయో మాత్రం ఎవరూ చూసుకోలేదు.

మర్నాడు నాన్న ఎవరూ చెప్పకుండానే బకెట్ తీసుకున్నాడు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు ఊరుకోలేదు.

“సర్దారు గారూ, ఈ వరసలో యూనియన్ లేదు. ఎనక్కెళ్ళి నిలబడండి.”

నాన్న వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. మొదటి అంతస్తు బాగానే ఎక్కాడు. రెండో అంతస్తులో బకెట్ దించి మెట్టు మీద కూర్చున్నాడు. పై నుంచి అమ్మ దిగి వచ్చింది. నాన్న తలెత్తి అడిగాడు:

“రోజూ ఇలాగే ఎక్కుతున్నావేటి?”

“నీల్లు వాటికవే ఎక్కొస్తాయేటి?”

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని, పక్కకు జరిగి, కూకోమన్నాడు. పొద్దున్న పూట ఊరికే కూర్చోవడం అమ్మకు చేతకాదు. ఒకసారి పైన పొయ్యి వైపు చూసింది. తర్వాత కూర్చుంది.