కాంపౌండరన్న పంచిన కుక్కలు

పోయిన మంగళవారం పొద్దున పశువుల ఆసుపత్రి నౌకరు మా గడప ముందు సైకిలు ఆపి, సీటు మీద నుంచి దిగకుండానే, "అక్కా, కాంపౌండరన్న పోయినాడు. పదకొండుకి ఎత్తుతారంట" అని చెప్పి వెళ్ళిపోయాడు. నేను మగ్గానికి కండెలు చుడుతున్నాను. చేతిలో ఉన్న కండె నిండేదాకా చుట్టి, అప్పుడు లేచాను. వినగానే ఏడుపు ముంచుకొచ్చిందని రాయలేను. రాలేదు.

ఎత్తేదాకా వాళ్ళ వీధిలో నిలబడ్డాను. జనం పెద్దగా లేరు. శవం వెంట ఒక్క కుక్క కూడా నడవలేదు. కథలు రాసేవాళ్ళయితే నాలుగైదింటినైనా రప్పించి ఉండేవాళ్ళు. ఆ వీధి కుక్కలన్నీ కటికంగడి ముందు పడుకుని, డప్పు మోతకు తలలెత్తి చూసి, మళ్ళీ పడుకున్నాయి.

మాది నేత ఊరు. ధర్మవరం షావుకార్లకు పట్టుచీరలు నేసిస్తాం. మా పాప చిన్నగా ఉన్న రోజుల్లో, మెడలో బిళ్ళ లేని కుక్కల్ని మునిసిపాలిటీ బండివాళ్ళు పట్టుకొచ్చి ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులోకి తోసేవాళ్ళు. గురువారం వాటికి ప్రాణం తీసే సూది వేసేవాళ్ళు. ఆ సూది వేసేది కాంపౌండరన్నే. ఈ సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఊళ్ళో అందరూ ఆయన్ని దయగల మారాజు అంటున్నారు. గురువారం సూది వేసే ఆ మనిషే, సోమవారం నుంచి బుధవారం దాకా షెడ్డులోంచి ఒకటీ రెండూ బయటికి తీసి, సైకిలు వెనక గంపలో కూర్చోబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు.

ఆయన మాటకు ఒప్పుకున్న ఇళ్ళు ఊళ్ళో పదో పన్నెండో ఉండేవి. బస్టాండు టీ అంగడి, తెలుగు పంతులమ్మ ఇల్లు, మాలాంటి మగ్గాల ఇళ్ళు కొన్ని. మా పేర్ల మీద ఆయనే బిళ్ళలు రాయించేవాడు. మేం చెయ్యాల్సింది, నెలా రెండు నెలలు కుక్కను పెట్టుకుని, గజ్జి మాన్పి, నాలుగు ముద్దలు పెట్టి నిలబెట్టడం. తర్వాత గుమ్మఘట్ట వైపు గొర్రెల కాపర్లో, తనకల్లు దిక్కు శెనక్కాయ రైతులో వచ్చి కాపలాకు తీసుకుపోయేవాళ్ళు. దీనికొక సంఘమూ బోర్డూ ఏమీ లేవు. ఆయన సైకిలు ఎంత దూరం తిరిగితే అంత.

సరిగ్గా అన్నం వేళకు, చెప్పాపెట్టకుండా వచ్చేవాడు. ముందు కుక్క గిన్నెలోకి చూసి, తర్వాత మా మొహాలు చూసేవాడు. మా ఆయన జ్వరంతో మూలుగుతున్న రోజున కూడా "కుక్క కడుపు ఎట్లుండాది?" అని అడిగి వెళ్ళాడు. ఏ కుక్కనూ నిమిరేవాడు కాదు. పేరు పెట్టమని అడిగితే, "మీరే పెట్టుకోండమ్మా. నేను పేరు పెట్టుకుంటే గురువారం నా చెయ్యాడదు" అనేవాడు.

వరసగా రెండేళ్ళు వానలు ఎగ్గొట్టిన కాలం అది. కాపలా కాయడానికి పంటే లేనప్పుడు రైతుకు కుక్కెందుకు? తీసుకుపోయేవాళ్ళు రావడం మానేశారు. ఒప్పుకున్న ఇళ్ళన్నీ నిండిపోయాయి. ఆ ఎండల్లో, ఒక బుధవారం మధ్యాహ్నం ఆయన మా వాకిట్లో ఎర్ర కుక్కనొకదాన్ని దించాడు.

"ఏమ్మా, పెట్టుకుంటావా?"

"మాకే గింజల్లేవు కదన్నా."

"అది నాకూ తెలుసు. పెట్టుకుంటావో లేదో చెప్పు. లేదంటే రేపు దీనికి నేనే సూది వేయాల. పెట్టుకొని మళ్ళా వద్దనుకుంటే మాత్రం నువ్వే తీసుకరావాల, సూది వేసేటప్పుడు నువ్వే పట్టుకోవాల."

అందరి వాకిట్లోనూ ఆయన ఇదే మాట చెప్పేవాడు. జాలి పుట్టించడానికి అంటాడనుకునేదాన్ని. ఇంతలో మా పాప దాని మెడ చుట్టూ చేతులు వేసేసింది. అప్పుడు పాపకు ఆరేళ్ళు. సరే అన్నాను. కుక్కకు ఎర్రోడని పాపే పేరు పెట్టింది.

ఎర్రోడు మంచివాడు. ఎండపూట మగ్గం గుంటలో మా ఆయన కాళ్ళ పక్కన చల్లగా పడుకునేవాడు. పాప బడి నుంచి వచ్చే వేళకు వీధి మలుపు దగ్గర కాచుకుని ఉండేవాడు. మూడు నెలలు గడిచాయి. ఒక రోజు ఎలుకను తరుముతూ మగ్గం మీదికి ఎగిరాడు. పడుగు సగానికి సగం తెగింది. పెళ్ళిచీర అది. ఆ నెలకు మాకున్న పని అదొక్కటే. మా ఆయన తెగిన పోగుల్ని వేళ్ళతో తడుముకుంటూ, "అతకొచ్చులే. నాలుగు దినాలు పడతాది. నువ్వు ఊరుకో" అన్నాడు.

నేను ఊరుకోలేదు. నా కోపం సంగతి మా వీధి అంతటికీ తెలుసు. పాప బడిలో ఉంది. ఎర్రోడి మెడకు తాడు కట్టి ఆసుపత్రికి బయల్దేరాను. షికారు అనుకున్నాడేమో, నాకంటే ముందు నడిచాడు. ఆ రోజు గురువారమని నాకు తెలుసు.

కాంపౌండరన్న షెడ్డు ముందు కూర్చుని సూదులు మరగబెడుతున్నాడు.

"దీన్ని ఇంకో ఇంటికియ్యన్నా. పడుగంతా తెంపేసింది."

"ఇంకో ఇల్లుంటే నీ వాకిట్లోకి ఎందుకొచ్చింటా?"

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"ఇంటికన్నా తోలుకపో. లేదంటే పట్టుకో."

తోలుకపోతానని ఒక్క మాట అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బండివాళ్ళిద్దరు అక్కడే నిలబడి చూస్తున్నారు, వాళ్ళ ముందు తగ్గడానికి మనసొప్పలేదు. పైగా ఈయన ఉత్తినే బెదిరిస్తున్నాడు, నేను సరేనంటే తనే వెనక్కి తగ్గుతాడు అనుకున్నాను. "పట్టుకుంటాలే" అన్నాను.

మోకాళ్ళ మీద కూర్చుని తల చేతుల్లోకి తీసుకున్నాను. పాత షెడ్డు గుర్తొచ్చిందేమో, ఎర్రోడు బెదిరిపోయి, గడ్డం నా మోచేతి వంపులో పెట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. నేనున్నానని ధైర్యం. కాంపౌండరన్న సూది పట్టుకుని ఒకసారి నా మొహంలోకి చూశాడు. నేను తగ్గుతానేమోనని ఆయన చూశాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఇద్దరం తగ్గలేదు. సూది దిగేదాకా నేను నమ్మలేదు. దిగాక "వద్దన్నా" అన్నాను. అప్పటికే వాడు నా చేతుల్లో బరువైపోతున్నాడు.

"చేతులు కడుక్కొని ఇంటికి పో" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

గుమ్మఘట్ట కాపర్లు వచ్చి ఎర్రోడిని తీసుకుపోయారని పాపకు చెప్పాను. నమ్మింది. వాళ్ళకు గొర్రెలెన్ని, తోడేలొస్తే ఎర్రోడు ఏం చేస్తాడు అని రోజూ అడిగేది. నేను రోజూ ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. మా ఆయన నాలుగు రోజులు కూర్చుని పోగులన్నీ అతికాడు. చీర అనుకున్న వేళకే మగ్గం దిగింది.

ఆ తర్వాత రెండు వారాలు తప్పిస్తే, ఈ రోజు దాకా మా ఇంట్లో కుక్క లేని దినం లేదు. ఒక్కదాన్ని కూడా తిరిగి పంపలేదు. అందుకు వీధిలో నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పు కాంపౌండరన్నకే చెందాలి. ఒక ప్రాణాన్ని పెట్టుకుంటానని చెప్పడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే, దానికి రుణపడి ఉన్నాను. నేర్పిన తీరుకు మాత్రం ఆయన్ని క్షమించలేకపోయాను. నన్ను నేనూ క్షమించుకోలేదు.

ఎర్రోడు పోయిన రెండు వారాలకు ఆయన మళ్ళీ వచ్చాడు, గంపలో నల్లటి కుక్కపిల్లతో. నేను లేచేలోపే పాప ఎదురుగా పరిగెత్తింది.

"మామా, గుమ్మఘట్టలో మా ఎర్రోడు ఎట్లుండాడు?"

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. పాప వెనక నిలబడి కళ్ళతోనే ఆయన్ని బతిమాలుకున్నాను. ఆయన అది చూశాడు కూడా.

"నన్నడగొద్దు పాపా. మీయమ్మనడుగు" అన్నాడు.

చెప్పాను. అక్కడే, ఆయన ముందే. సూది సంగతి చెప్పాను, నేనే పట్టుకున్నానని చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా మొహం వైపు కాదు, నా చేతుల వైపు చూసింది, చాలాసేపు. తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"మాయమ్మకియ్యొద్దు మామా. నాకియ్యి."

కాంపౌండరన్న తాడు కొస పాప చేతిలో పెట్టి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా పాప అరుగు మీదే కూర్చుంది, ఆ తాడు మణికట్టుకు చుట్టుకుని. నేను సంగటి మెత్తగా పిసికి తెచ్చి దగ్గరికి వంగితే, కుక్కపిల్లను ఒళ్ళోకి లాక్కుని, దాని తల కనబడకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది.